ఆల్చిప్పలు, ఒక మీసం

మేడమీది వాటా, వంటింటి బల్ల దగ్గర
నవంబరు 12

పిచ్చుకకు,

ఈ రోజు అయిన పనులు: దుప్పట్లు నాలుగు ఉతికి ఆరేశాను. నూనె డబ్బా కడిగి బోర్లించాను. కిటికీ ఊచలు తుడిచాను. మీ అన్నయ్య చొక్కాలు రెండింటికి గుండీలు కుట్టాను. పాలు మాడబెట్టాను. చివరిది పొరపాటున కాదు, కావాలనే చేశాను. దాని గురించే ఈ ఉత్తరం.

గిన్నె అడుగంటి ఇల్లంతా మాడు వాసన కమ్మేసింది. కింద వాటా ఆవిడ పరుగున మెట్లెక్కి వచ్చి, "ఏమైందండీ, ఏదైనా అంటుకుందా?" అని అడిగింది. మీ అన్నయ్య పక్కగదిలోనే కూర్చుని, బాగుచేయడానికి కొట్టు నుంచి తెచ్చుకున్న తాళంకప్పని విప్పుకుంటున్నారు. తలెత్తి ఆవిడని చూసి, "రండి రండి, కూర్చోండి. పాలు కాగుతున్నట్టున్నాయి, కాఫీ తాగి వెళ్ళండి" అన్నారు.

నాకు అనుమానం ఈనాటిది కాదు. వానాకాలంలో ఆయనకు జ్వరం వచ్చి తగ్గింది కదా, అప్పటినుంచి ముద్ద నోట్లోకి వెళ్ళకముందే "బాగుంది" అంటున్నారు. మొదట్లో పొంగిపోయాను. ఉప్పు ఒక రవ్వ తగ్గితే ముఖం మీదే చెప్పేసే మనిషికి, వయసు వచ్చేసరికి మెత్తదనం వచ్చిందనుకున్నాను. తర్వాత గమనించాను. ఆయన ఆకలేసి భోజనానికి లేవడం లేదు, గడియారం చూసి లేస్తున్నారు. బెల్టుకి కొత్తగా రెండు బొక్కలు పడ్డాయి. అవి కూడా తనే కొట్టులో పొడుచుకున్నారు, నాకు తెలియకుండా.

ఈ రోజు నిలదీశాను. "వాసన పోయిందే" అన్నారు, బస్సులో గొడుగు పోయిందన్నంత మామూలుగా. డాక్టరుకి చూపించుకున్నారట. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడట. ఉప్పూ తీపీ పులుపూ చేదూ నాలుకకి తెలుస్తాయి, మిగతా రుచంతా ముక్కుదేనట. "అన్నం తింటుంటే తడి కాగితం నమిలినట్టుంటుంది. నీతో చెప్తే నువ్వు బాధపడతావని" అన్నారు. "పిచ్చుకకి మాత్రం రాయకు, పడవ వదిలేసి పరిగెత్తుకొస్తుంది" అని కూడా అన్నారు. అందుకే ఆయన కొట్టుకి వెళ్ళాక రాస్తున్నాను.

నేను ఇన్నేళ్ళు వండినదానికి జీతం ఏమిటో తెలుసా? ఆయన పళ్ళెం ముందుకు జరిపి "ఇంకొకటి" అనడం. దోసకాయ ముక్కైనా సరే, రొట్టె అయినా సరే. ఆ మాట విని నెలలైంది.

నువ్వు ఎప్పుడో రాశావు, ఆల్చిప్పలు నాలుకకీ పంటికీ ముందు తెలుస్తాయని. చల్లదనం, ఉప్పు, తర్వాత తీపి అని. నాకు వాటిని చూస్తేనే భయమని నీకు తెలుసు. అయినా కొన్ని పంపు. మీ అన్నయ్య ఒట్టు సంగతి నాకు గుర్తుంది. నువ్వు ఇది చదువుతూ నవ్వుతున్నావని కూడా తెలుసు.

నీ వదిన


నదీముఖం, గట్టు మీది చెక్క గది
నవంబరు 19

వదినా,

ముందు ఏడ్చాను. తర్వాత నవ్వాను. తర్వాత మా ఆయన్ని తిట్టాను. ఆయనకి దీనితో ఏ సంబంధమూ లేదు, పాపం ఎదురుగా ఉన్నాడంతే.

ఒట్టు నాకు గుర్తులేకపోవడమా! నేను ఈయన్ని చేసుకుని ఈ బురదలో ఆల్చిప్పలు పెంచుకుంటానని ఇంట్లో చెప్పిన రోజు. అందరం భోజనాలకి కూర్చున్నాం. అన్నయ్య లేచి నిలబడి మీసం మీద చెయ్యి వేసి, "ఆ జిగురుముద్దని నేను నోట్లో పెట్టుకుని, పైగా ఇంకొకటి పెట్టమని అడిగిన రోజున, ఈ మీసం తీయించుకుంటాను" అన్నాడు. నీళ్ళు తాగుతున్న నీకు పొలమారింది. ఇరవై మూడేళ్ళు అయింది. ఇప్పటిదాకా ఇక్కడికి ఎన్నిసార్లు వచ్చినా, మేం తింటుంటే తను గట్టు మీదకెళ్ళి పడవలు చూస్తుంటాడు.

బాగా గుర్తుపెట్టుకో వదినా, ఒకటి తింటే నాకు బాకీ లేదు. ఇంకొకటి అడిగితేనే. అంటే నీకు కావలసిన మాటా, నాకు రావలసిన మీసమూ ఒకేచోట ఉన్నాయి. కాబట్టి మనం ఒక జట్టు.

నాకు తెలిసిపోయిందని చెప్పకు. "మీ చెల్లెలు పందేనికి పిలుస్తోంది" అను. మండిపోతాడు. మండితే మంచిదే.

రెండు డజన్లు తడి గోనెలో చుట్టి చెక్కపెట్టెలో పెట్టాను. పొద్దున్న బస్సు కండక్టరు తెస్తాడు. ఇంటికి తెచ్చాక వాటికి ఏమీ చెయ్యకు. విన్నావా, ఏమీ. చల్లటి చోట పెట్టి మర్నాడు సాయంత్రం తెరిచి తినండి.

ఇంకోమాట. ముత్యాలుంటాయా అని అడగకు. తినే రకంలో ముత్యాలుండవు. ఉంటే నేను ఈ రబ్బరు బూట్లు వేసుకుని మోకాలి లోతు బురదలో ఎందుకుంటాను, మీ ఇంటి పక్కన మేడ కట్టుకోనూ!

నీ పిచ్చుక


మేడమీది వాటా
నవంబరు 27

పిచ్చుకకు,

పనులు: వంటగది రెండుసార్లు కడిగాను. బకెట్ మూడుసార్లు తోమాను. కింద వాటా ఆవిడకి క్షమాపణ చెప్పాను.

నువ్వు "ఏమీ చెయ్యకు" అన్నావు. నా చేతులకి ఆ పని రాదు. పెట్టె తెరిస్తే ఒక్కోదానికి అంగుళం బురద. ఇంటికి వచ్చినవాళ్ళని కాళ్ళు కడుక్కోమనే దాన్ని, వీటిని ఎలా వదిలేస్తాను? బట్టల బ్రష్షు తీసుకుని ఒక్కోదాన్నీ తెల్లగా తోమాను. బకెట్ నిండా మంచి కుళాయి నీళ్ళు పట్టి అందులో వదిలాను. సముద్రం నుంచి వచ్చినవి కదా, బెంగపెట్టుకుంటాయేమోనని రెండు గుప్పెళ్ళ ఉప్పు కూడా వేశాను. మూత పెట్టి పైన బరువు పెట్టాను.

మర్నాడు సాయంత్రం మూత తీస్తే అన్నీ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. నేను ఎంత సంబరపడ్డానో చెప్తే నవ్వుతావు. శుభ్రంగా చూసుకున్నందుకు వాటంతట అవే తెరుచుకున్నాయి, కత్తి పని తప్పింది అనుకున్నాను. తర్వాత వాసన తగిలింది. కింద వాటా ఆవిడ మళ్ళీ మెట్లెక్కింది.

మీ అన్నయ్య బకెట్లోకి తొంగిచూసి, "ఇవి తెరుచుకోవడం కాదే, చచ్చిపోయాయి. నీ చేతి స్నానానికి తట్టుకోలేకపోయాయి" అన్నారు. ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "మీకు వాసన రావడం లేదండీ?" అని అడిగింది. "రావడం లేదండీ. ప్రస్తుతం ఈ మేడలో సుఖపడుతున్నది నేనొక్కణ్ణే" అన్నారు. అని, పిచ్చుకా, నవ్వారు. భుజాలు కదిలేలా నవ్వారు. జ్వరం తర్వాత అలా నవ్వడం ఇదే మొదలు. ముక్కు మూసుకుని నేనూ నవ్వాను.

పాత కాగితాల్లో చుట్టి వీధి చివర చెత్తకుండీ దాకా మోసుకెళ్ళాను. అన్నీ వృథా అయిపోయాయని మనసు పీకుతోంది. నీ కష్టం కదా. ఇంకోసారి పంపుతావా? ఈసారి నిజంగానే ఏమీ చెయ్యను.

నీ వదిన


చెక్క గది
డిసెంబరు 4

వదినా,

నీ ఉత్తరం మా ఆయనకి చదివి వినిపించాను. "ఉప్పు కూడా వేసిందా" అంటూ వలలు కట్టే తాడు మీద పడి దొర్లాడు. ఇక్కడ పనిచేసే ఆడవాళ్ళందరికీ నువ్వు తెలిసిపోయావు. బస్సులో దిగితే నిన్ను చూడ్డానికి వస్తారు.

తప్పు నాదే. నిన్ను ఏమీ చెయ్యొద్దంటే ఎలా కుదురుతుంది, నీకు చేయడానికి పనులు చెప్పాలి. ఇదుగో.

ఆల్చిప్ప ఒడ్డుకి వచ్చేటప్పుడు తన సముద్రాన్ని తనే మూట కట్టుకుని తెచ్చుకుంటుంది. మూత బిగించి ఆ నీళ్ళతోనే రోజుల తరబడి బతుకుతుంది. కుళాయి నీళ్ళు దానికి ఊపిరాడనివ్వవు. అందుకని బకెట్ వద్దు, ప్లాస్టిక్ సంచీ బిగించడం వద్దు. లోతుగా ఉన్న చిప్ప కిందకి వచ్చేలా పళ్ళెంలో పరిచి, తడిగుడ్డ కప్పి ఫ్రిజ్జులో పెట్టు. గుడ్డ ఆరకుండా చూసుకో, నీకు ఒక పని. తెరిచే ముందు మాత్రం బ్రష్షుతో పైపైన తోముకో, నీకు రెండో పని.

ఏదైనా నోరు తెరిచి ఉంటే వేలితో తట్టు. మూసుకుంటే బతికే ఉంది. మూసుకోకపోతే పారెయ్. రెండింటిని ఒకదానికొకటి తాటించి విను, బతికినవి రాళ్ళలా పలుకుతాయి, పోయినది డొల్లగా మోగుతుంది. అది అన్నయ్యని వినమను, ఆ చెవి తాళాలకి అలవాటైన చెవి. తెరిచాక వాసన చూడడం మాత్రం నువ్వే, సముద్రపు గాలి వాసన తప్ప ఇంకేదైనా వస్తే మొహమాటపడకు, పడేసెయ్.

తెరవడం ఇలా. ఎడంచేతికి మందపాటి గుడ్డ చుట్టుకో. మొన దేలిన కొసలో కీలు ఉంటుంది. అక్కడ కత్తి మొన పెట్టి, తొయ్యకు, తిప్పు. తొయ్యడం మొదలుపెడితే అరచేతిలోకి దిగుతుంది. మూత లేచాక, మూతకి అంటుకున్న కండని కత్తి వాలుగా కోసెయ్. కింద కూడా ఒక కోత. అంతే.

నేను మొదటిసారి తిన్నది ఈ గట్టు మీదే. పెళ్ళికి ముందు. మా ఆయన ఒకటి తెరిచి చేతిలో పెట్టి, పరీక్ష రాసి ఫలితం కోసం చూసే పిల్లాడిలా నా ముఖంలోకి చూస్తున్నాడు. నోట్లో వేసుకున్నాను, ఏం చెయ్యాలో తెలియలేదు. మింగేశాను. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. సంతోషంతో అనుకున్నాడు, పిచ్చిమారాజు. రెండోది మర్యాదకి తిన్నాను. మూడోదానికి నాకు అర్థమైంది. అందుకే చెప్తున్నా, మూడోది తినకముందు ఎవరూ తీర్పు చెప్పకూడదు.

పెట్టె పంపాను. బకెట్ దాచెయ్.

నీ పిచ్చుక


మేడమీది వాటా
డిసెంబరు 14

పిచ్చుకకు,

పనులు: తడిగుడ్డ పొద్దునా సాయంత్రం మార్చాను. ఇంకేమీ చెయ్యలేదు. చాలా కష్టమైంది.

నిన్న సాయంత్రం తెరవడానికి కూర్చున్నాను. కూరగాయల కత్తి జారింది. ఇంకో కత్తి వంగింది. మీ అన్నయ్య గుమ్మంలో నిలబడి కాసేపు చూశారు.

"నువ్వు దాన్ని తెరుస్తున్నావా, బెదిరిస్తున్నావా?"

"మీకు చేతనైతే మీరు తెరవండి."

"నాకెందుకు, నేను తినేవాణ్ణా?"

"తినమని ఎవరన్నారు? తెరవమన్నాను."

అంతే. చొక్కా చేతులు మడుచుకుని వచ్చి కూర్చున్నారు. కొట్టు సంచిలోంచి సన్నటి స్క్రూడ్రైవరు తీశారు. ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, కళ్ళు మూసుకుని, బొటనవేలితో అంచంతా తడిమారు. మొండికేసిన తాళం చేతికొస్తే ఆయన ముఖం ఎలా ఉంటుందో నీకు తెలుసుగా. ఒక్క తిప్పు. టక్కుమంది. "చూశావా, ప్రతిదానికీ లొంగే చోటు ఒకటుంటుంది" అన్నారు. ఇక ఆపలేదు. ఒక్కోదాన్ని చెవి దగ్గర తాటించి వినడం, తిప్పడం. ఎనిమిది గంటలు కొట్టినా గడియారం వైపు చూడలేదు. నాకు అదే పండగ.

ఆయన తెరిచి ఇస్తుంటే నేను ఒక్కోదాన్నీ కుళాయి కింద పెట్టి, లోపలి మురికినీళ్ళూ చిప్ప ముక్కలూ పోయేలా కడిగి పళ్ళెంలో సర్దాను. అద్దంలా మెరిశాయి. ముందు నేనే తిన్నాను, ఏదైనా అయితే నాకే కానీ అని. కళ్ళు మూసుకుని మాత్ర మింగినట్టు మింగాను. ఏమీ కాలేదు. ఏమీ అనిపించలేదు కూడా.

ఆయన ఒట్టు గుర్తుచేసుకుని, "ఒకటే" అని వేలు చూపించి మింగారు.

"ఎలా ఉంది?"

"గొంతులోంచి చల్లగా ఎవరో వెళ్ళారు. పలకరించలేదు."

నవ్వాను కానీ, వెంటనే ఆయన నా ముఖం చూసి "బాగుంది" అన్నారు. అదే గొంతుతో. నాకోసం అనే ఆ గొంతుతో. లేచి గిన్నెలు తోముకున్నాను.

తెరవడంలో ఉన్న సంతోషం చాల్లే, తినడం వదిలేద్దామా అనిపిస్తోంది. నీకెలా తోస్తే అలా.

నీ వదిన


చెక్క గది
డిసెంబరు 22

వదినా, వదినా, వదినా,

నువ్వు కడిగి పారబోసింది మురికినీళ్ళు కాదు, రుచి! ఆ చిప్పలో ఉన్న చెంచాడు నీళ్ళే అది మోసుకొచ్చిన సముద్రం. దాన్ని కుళాయి కింద పెట్టడమంటే ఉత్తరం ఉతికి ఆరేసి తర్వాత చదవడమే. చిప్ప ముక్క ఏదైనా పడితే కత్తి మొనతో తీసెయ్. ఒక్క చుక్క ఒలకనివ్వకు. ఐసు ముక్కలు చితక్కొట్టి పళ్ళెంలో పరిచి వాటి మీద కూర్చోబెట్టు, పక్కకి ఒరగవు.

ఇక రెండోది. మింగమని మీకు ఎవరు చెప్పారు? అందరూ అదే అనుకుంటారు, సినిమాల్లో చూసి. గొంతుకి రుచేం తెలుస్తుంది? ముందు చిప్ప అంచు పెదవికి ఆనించి ఆ నీళ్ళు కొంచెం తాగండి. ఉప్పు తగులుతుంది. అప్పుడు దాన్ని నోట్లోకి జార్చుకుని నమలండి. నాలుగైదుసార్లు, తొందర లేకుండా. నమిలితేనే లోపలి తీపి బయటికొస్తుంది. నమిలాక మాట్లాడకుండా కొంచెంసేపు ఆగండి. మిగిలిన నీళ్ళు తాగండి. మొదటిది ఉత్తదే తినాలి. రెండోదానికి నిమ్మచుక్క. మూడోదానికి మీ ఇష్టం.

వదిలేద్దామా అని మాత్రం అనకు. నేను నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. పెళ్ళయ్యాక నేను ఇక్కడికి వచ్చేస్తున్నప్పుడు బస్సు దగ్గర అన్నయ్య ఒక కాగితం పొట్లం నా చేతిలో పెట్టాడు. విప్పి చూస్తే పొట్టి కత్తి. పాత ఆకురాయిని అరగదీసి, చెక్క పిడి బిగించి తనే చేశాడు. ఆల్చిప్పలు తెరిచే కత్తి ఎలా ఉంటుందో ఎవరినో అడిగి తెలుసుకున్నాడట. "నేను తినను. కానీ నువ్వు వేళ్ళు కోసుకోకూడదు" అని, బస్సు కదలకముందే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. నీకు కూడా చెప్పలేదు కదా? నాకు తెలుసు. పెద్ద ఒట్టు పెట్టుకున్నవాడు కత్తి చేసిచ్చాడంటే పరువు తక్కువ.

ఇన్నేళ్ళుగా నా చేతిలో ఉన్నది ఆ కత్తే. ఈసారి పెట్టెలో అది కూడా ఉంటుంది. నీకు ఇవ్వడం లేదు, అరువిస్తున్నాను.

నీ పిచ్చుక


మేడమీది వాటా
జనవరి 6

పిచ్చుకకు,

పనులు తర్వాత చెప్తాను.

కత్తిని చూడగానే మీ అన్నయ్య పెట్టె పక్కన కూర్చుండిపోయారు. అటూ ఇటూ తిప్పి, "పిడి మార్చింది. నేను వేసినదానికన్నా బాగుంది" అన్నారు. తలెత్తి, "చెప్పేశావు కదూ?" అని అడిగారు.

"ఏమిటి?"

"పందెం కోసమైతే ఆల్చిప్పలు పంపుతుంది. రోజూ చేతిలో ఉండే కత్తి పంపదు. నా ముక్కు సంగతి చెప్పేశావు."

"చెప్పాను" అన్నాను. కోప్పడతారనుకున్నాను. కత్తి పిడి మీద బొటనవేలు ఉంచుకుని, "మంచిపని చేశావులే, నాకు రాయడం చేతకాలేదు" అన్నారు.

సరే, నువ్వు చెప్పినట్టే చేశాం. ఐసు మీద పేర్చాను. కుళాయి వైపు తిరగలేదు. నా చేతులు రెండూ కొంగులో చుట్టుకున్నాను, వాటిని నమ్మలేక.

ముందు నేను. నీళ్ళు పెదవికి తగలగానే చిన్నప్పుడు అల నోట్లోకి కొట్టినప్పటి ఉప్పు. తర్వాత నమిలాను. భయపడినంత జిగురేమీ కాదు. బయట మెత్తగా ఉంది, మధ్యలో ఒకచోట పంటికి గట్టిగా తగిలింది, లేత కొబ్బరిలా. అక్కడినుంచి తీపి వచ్చింది. పంచదార తీపి కాదు, పాల తీపి లాంటిది. వెనకాలే నాలుక అంచున ఇనుప గ్లాసులో నీళ్ళు తాగినట్టు చల్లగా. నేను కళ్ళు మూసుకోలేదు, పిచ్చుకా. నేను!

ఆయన నమిలారు. ఆగారు. కిటికీ వైపు చూశారు. "ఉప్పు" అన్నారు. నేనేదో అనబోతే వేలెత్తి "ఆగు" అన్నారు. ఇంకా నమిలారు.

"తీపి. వెనకాలనుంచి తీపి వచ్చింది."

జ్వరం తర్వాత ఆయన నోట "బాగుంది" కాకుండా ఒక రుచి పేరు రావడం ఇదే మొదలు. చిప్పలో మిగిలిన నీళ్ళు చివరి చుక్కదాకా తాగారు. చెయ్యి పళ్ళెం వైపు వచ్చింది. వచ్చి, సగం దూరంలో ఆగి, వెనక్కి వెళ్ళి మీసం మీద వాలింది.

"అవి రేపటిదాకా ఉంటాయా?"

"తెరిచినవి ఉండవు."

"మరి ఏం చేస్తావు?"

"కింద వాటా ఆవిడకి ఇస్తాను."

"ఆవిడకి జలుబు చేసింది. పడవు."

"అయితే అడగండి, పెడతాను."

"నేనేం అడగలేదు. నిలవుంటాయా అన్నానంతే."

నాకు మాత్రం పట్టుదల ఉండదా? ఆయన ఎదురుగానే కూర్చుని ఒక్కోటి తినడం మొదలుపెట్టాను, ఏడిపిద్దామని. నాలుగోదానికి ఏడిపించడం సంగతి మర్చిపోయాను. నిమ్మచుక్క వేసి ఒకటి, మిరియం చల్లి ఒకటి. పళ్ళెం ఖాళీ అయ్యాక తలెత్తి చూస్తే ఆయన నావైపే చూస్తున్నారు.

"అన్నీ తినేశావే" అన్నారు, ఎంతో దిగులుగా.

ఇదీ నా ఇబ్బంది. నిజంగా నచ్చి, మీసం కోసం అడగడం లేదా? లేక ఆ తీపి మాట కూడా నన్ను సంతోషపెట్టడానికేనా? అడిగితే తప్ప నాకు తెలియదు. అడగరు. నాకు "తీపి" చాలదు పిచ్చుకా, నాకు "ఇంకొకటి" కావాలి.

పనులు: చిప్పలన్నీ తోమి కిటికీలో ఆరబెట్టాను. ఎందుకో పారేయబుద్ధి కాలేదు.

నీ వదిన


చెక్క గది
జనవరి 15

వదినా,

"అన్నీ తినేశావే" అన్నాడా? మా ఆయన ఆ మాట ఈ రోజుకి పదిసార్లు అన్నాడు, అన్నం గిన్నె చూసి, టీ గ్లాసు చూసి. నువ్వు ఏడ్చే చోట మేం నవ్వుతున్నాం, క్షమించు.

నచ్చింది వదినా. చిన్నప్పుడు అన్నయ్యకి ఇష్టంలేనిది పెడితే, ఎదుటివాళ్ళు తినేస్తుంటే ఈల వేసుకుంటూ లేచిపోయేవాడు. కూర్చుని చూశాడంటే నచ్చినట్టే. అయినా నీకు నోటిమాటే కావాలి, నాకు తెలుసు. పట్టు విడవకు. శనివారం శనివారం ఒక పెట్టె పంపుతాను. తనకి ఒక్కటే పెట్టు.

నీ పిచ్చుక


మేడమీది వాటా
ఫిబ్రవరి 23

పిచ్చుకకు,

పనులు: గిన్నెలు సర్దాను. కొత్తిమీర కట్టలు బాగుచేశాను. పల్లీలు వేయించాను, అందుకు కారణం కింద రాస్తున్నాను.

నువ్వు చెప్పినట్టే ప్రతి శనివారం ఆయనకి ఒక్కటే. శనివారం కొట్టు తొందరగా కట్టేసి వస్తున్నారు. నేను అడగకుండానే ఐసు చితక్కొడుతున్నారు. నీ కత్తికి పదును పెట్టారు. తన ఒక్కదాన్ని నేను అన్నం తినేంతసేపు తింటున్నారు. పళ్ళెంలో పెద్దది ఏదో ముందే చూసుకుని, తను తెరిచేటప్పుడు దాన్ని తన వైపు పెట్టుకుంటున్నారు. అంతా చేస్తారు, నోరు మాత్రం తెరవరు. ఆల్చిప్పలే నయం.

ఇంకో సంగతి. ఆ నమలడం నేర్చుకున్నాక నాకు ఒక ఆలోచన వచ్చింది. ముక్కు కోసం వండడం మానేశాను. పంటి కోసం వండుతున్నాను. మెత్తటి అన్నం మీద కరకరలాడే పల్లీలు, వేడిదాని పక్కన చల్లటి కీరదోస, పుల్లటిదాని తర్వాత తియ్యటిది. మొన్న పల్లీలు నములుతూ, "ఇది తెలుస్తోందే" అన్నారు. బెల్టు ఒక బొక్క వెనక్కి వెళ్ళింది. ఇంతదాకా వచ్చాం. ఆ ఒక్క మాట దగ్గరే బండి ఆగింది.

ఎండలు మొదలవుతున్నాయి. మీ దగ్గర ఎలా ఉంది?

నీ వదిన


చెక్క గది
మార్చి 8

వదినా,

ఇక్కడ కూడా నీళ్ళు వెచ్చబడ్డాయి. వెచ్చబడితే ఆల్చిప్పలు గుడ్లు పెట్టే పనిలో పడి, పాలుపట్టినట్టు పలచగా, రుచి లేకుండా అయిపోతాయి. మేం తీయడం ఆపేస్తాం. ఇదే చివరి పెట్టె. మళ్ళీ చలి వచ్చేదాకా లేవు.

ఈ పెట్టె కట్టేటప్పుడు నాకొకటి అనిపించింది. ఇది అన్నయ్య ముందు చదువు, పేజీ తిప్పెయ్యకుండా, మొత్తం.

అన్నయ్యా, నీ మీసం నాకెందుకు? నువ్వు ఆకలితో దాని మీద చెయ్యి వేసుకుని కూర్చుంటే, దాన్ని గెలుచుకుని నేనేం చేసుకుంటాను, వలకి కట్టుకోనా? నువ్వు ఒట్టు వేసిన రోజున నాకు కోపం రాలేదు. ఇంట్లో అందరూ ఒద్దు ఒద్దు అంటుంటే నువ్వొక్కడివే నవ్వించావు. అందరూ నవ్వాక ఇంక ఎవరూ ఒద్దు అనలేకపోయారు. నేను ఇక్కడికి రాగలిగింది ఆ నవ్వు వల్లే. కాబట్టి ఇందుమూలంగా మీసం బాకీ రద్దు చేస్తున్నాను. సాక్షి సంతకం మా ఆయనది. నీకు కావలసినన్ని అడుగు. వదిన ఎన్నాళ్ళనుంచో ఎదురుచూస్తోంది.

నీ పిచ్చుక


మేడమీది వాటా
మార్చి 17

పిచ్చుకకు,

పనులు: ఐసు చితక్కొట్టాను. నిమ్మకాయలు కోశాను. నీ ఉత్తరం పైకి చదివాను. మిగతా పనులన్నీ ఆగిపోయాయి.

శనివారం సాయంత్రం. మీ అన్నయ్య అన్నీ తెరిచి పేర్చారు. తినబోయే ముందు నీ ఉత్తరం మొత్తం చదివాను. నవ్వించాడన్న చోట ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. రద్దు అన్న చోట ముఖం ఎర్రబడింది.

"మాట ఇచ్చింది ఎవరు?"

"మీరే."

"మరి రద్దు చెయ్యడానికి అదెవరు? నిన్నమొన్న పుట్టిన పిచ్చుక! దాని కళ్ళకి నేను జాలిపడదగ్గ వాడిలా కనిపిస్తున్నానా?"

"తినండి ముందు."

"నువ్వుండు."

చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. పళ్ళెం ఎదురుగా నేనొక్కదాన్నే. ఐసు కరగడం మొదలైంది. నీ మంచితనమే కొంప ముంచిందనుకున్నాను. తడిగుడ్డ కప్పి కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు, గడియారం చూడలేదు.

అంతలో మెట్ల మీద కింద వాటా ఆవిడ గొంతు. "ఎవరండీ మీరు? ఎవరు కావాలి? పైన మాస్టారు ఇంట్లో లేరండీ, ఇప్పుడే బయటికెళ్ళారు." ఆవిడకి కీలూ తాళమూ చేసే ప్రతివాళ్ళూ మాస్టార్లే. దానికి జవాబుగా, "నేనేనమ్మా ఆ మాస్టారిని" అని మీ అన్నయ్య గొంతు.

గుమ్మంలోకి వచ్చారు. పైపెదవి తెల్లగా, ఇన్నాళ్ళూ ఎండ చూడని చోటు. ఏదో కోల్పోయిన మనిషిలా ఉంటారనుకున్నాను. లేదు. నీలా ఉన్నారు. ఆ పెదవి నీదే, నవ్వు ఆపుకునేటప్పుడు ఒక పక్కకి లాగే పెదవి. మీరిద్దరూ ఒకే పోలికని నాకు ఇన్నేళ్ళకి తెలిసింది. వెనకాలే ఆవిడ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఆయన చేతులు కడుక్కుని కూర్చున్నారు. గుడ్డ తీశాను. ఒకటి తీసుకున్నారు. నీళ్ళు తాగారు, నమిలారు, ఆగారు. "చల్లదనం ఇప్పుడు ముందే తెలుస్తోంది. ఇన్నాళ్ళూ మధ్యలో ఆ మీసం" అన్నారు. చిప్పని పళ్ళెం పక్కన బోర్లించారు. పళ్ళేన్ని నావైపు కొంచెం జరిపారు.

"ఇంకొకటి."

పళ్ళెం నా ముందే ఉంది. అయినా వెతుక్కున్నాను.

ఒకటి పెట్టాను. అది తిని మళ్ళీ "ఇంకొకటి" అన్నారు. తర్వాత మళ్ళీ. ముందు అన్నది మర్యాదకేమోనన్న అనుమానం మూడోదానికి పోయింది, నువ్వు చెప్పిన లెక్కే. ఎన్ని తిన్నారో రాసిపెట్టలేదు. నా జన్మలో లెక్క రాయని భోజనం అదొక్కటే. కింద వాటా ఆవిడకి కూడా రెండు పెట్టాం, జలుబు తగ్గిందట. తింటూ తింటూ చెయ్యి ఆపి, "ఇందులో ముత్యం వస్తుందాండీ?" అని అడిగింది. ఆయనా నేనూ ఒకేసారి నవ్వితే పాపం బిత్తరపోయింది.

వాసన రాలేదు. వస్తుందో రాదో తెలియదు. అడగడం మాత్రం వచ్చింది. నిన్న పల్లీలు అడిగారు. ఈ పొద్దున రొట్టె అడిగారు. చలి వచ్చాక ఇద్దరం మీ గట్టు మీదికి వస్తామని చెప్పమన్నారు. ఈసారి పడవలు చూడరట.

నీ కత్తి పదునుపెట్టి పెట్టెలో పెట్టాను. దాంతోపాటు ఒక అగ్గిపెట్టె ఉంటుంది. టీ తాగుతూ తెరవకు. గాలి వేసే చోట అసలు తెరవకు.

ఖాతా: మీ అన్నయ్య నుంచి నీకు, మీసం ఒకటి. నువ్వు పంపిన రద్దు అంగీకరించబడలేదు. సరుకు అగ్గిపెట్టెలో జత చేయడమైనది. బాకీ చెల్లు.

నీ వదిన